ఎత్తు బంతులు

కార్నర్ నుంచి లేచిన బంతి ఇంకా గాలిలో ఉండగానే హాప్కిన్ ప్రాసర్ వెనక్కి తిరిగి చూశాడు. గోలు కర్రల మధ్య గెథిన్ బోవెన్ చేతులు చాపి సిద్ధంగానే ఉన్నాడు. కాని చూపు బంతి మీద లేదు. గడ్డం పైకెత్తి, తల వెనక్కి వాల్చి, రెప్పల కింది సందులోంచి మబ్బుల్లో దేన్నో వెతుకుతున్నాడు. బంతి ఒక పక్క దిగుతోంది, అతని చేతులు మరో పక్కకి పోతున్నాయి.

హాప్కిన్ ఎడమ కాలి మీదే బరువంతా వేసి ఎగిరి, నుదుటితో బంతిని అవతలికి కొట్టాడు. నానిన తోలు బంతి రాయిలా తగిలింది. దాని కుట్టు తాడు గీరుకుపోయి కనుబొమ్మ మీద చర్మం చిట్లింది. కిందికి దిగినప్పుడు కుడి మోకాలు పట్టు తప్పింది. బొగ్గుబూడిద పరిచిన నేలమీద రెండు చేతులూ ఆన్చి, పళ్ల బిగువున లేచాడు.

ఆటంతా అంతే. ఎత్తుగా వచ్చిన ప్రతి బంతికీ గోలీ గెథిన్ కంటే ముందు అతనే ఉన్నాడు. కింద దొర్లుతూ వచ్చినవాటిని మాత్రం గెథిన్ శుభ్రంగా పట్టుకున్నాడు. శీతకాలపు పొద్దు గుట్ట వెనక్కి దిగి, మైదానం మీద మసక పరుచుకునేసరికి ఆట ముగిసింది. వాళ్ల ఊరి జట్టు ఆబర్నాంట్ గెలిచింది. గోలీని ఒక్క బంతీ దాటలేదు. జనం టోపీలు ఎగరేస్తూ గెథిన్ పేరు పెట్టి అరుస్తుంటే, అతను మొహమాటంగా చెయ్యెత్తి, అరుపులు వస్తున్న దిక్కుకి ఊపాడు.

పబ్బు వెనక గదిలో బట్టలు మార్చుకుంటుంటే వెనక వరసలో ఆడే కుర్రాడు ట్యూడర్ తువ్వాలుతో బురద తుడుచుకుంటూ అన్నాడు.

"ఏంటన్నా, నీకు బంతి మీద ప్రేమా, నా మీద అపనమ్మకమా? నా నెత్తి మీదికొచ్చిన బంతిని కూడా నువ్వే లాక్కుంటున్నావు."

"నీ నెత్తి ఖాళీ కదరా. బంతి తగిలితే మోగి, రిఫరీ ఈలేమో అనుకుని అందరూ ఆగిపోతారని."

గది గొల్లుమంది. గెథిన్ కూడా నవ్వాడు. నవ్వుతూనే వంగి తన బూట్ల కోసం బల్ల కింద తడుముతున్నాడు. అవి అతని ఎదురుగానే ఉన్నాయి. హాప్కిన్ కాలితో వాటిని అతని చేతి దగ్గరికి నెట్టాడు. గెథిన్ తల ఎత్తకుండానే వాటిని తొడుక్కున్నాడు. ఆకురాలు కాలం నుంచీ వాళ్లిద్దరి మధ్యా ఇలాగే నడుస్తోంది. ఎప్పుడూ మాటల్లోకి రాలేదు. వచ్చిందంటే జట్టు పెద్దగా హాప్కిన్ ఏదో ఒకటి చేయాలి. చేయదగ్గదేమిటో అతనికీ తెలియదు.

సోమవారం మధ్యాహ్నం హాప్కిన్ మైదానంలో గుంటలు పూడుస్తున్నాడు. ఆబర్నాంట్ జట్టుకి మేనేజరంటే పేరుకి మేనేజరు. శనివారం ఆడాలి, ఎవరాడాలో తేల్చాలి. మిగతా రోజుల్లో గని పక్క గుట్ట నుంచి బొగ్గుబూడిద తోలుకొచ్చి పరచాలి, సున్నంతో గీతలు గీయాలి, బూట్లకి కొవ్వు రాయాలి. పార మీద మోచెయ్యి ఆన్చి ఊపిరి తీసుకుంటుంటే, గేటు దగ్గర నుంచి నల్ల శాలువా కప్పుకుని మార్గెడ్ రావడం కనిపించింది. గెథిన్ భార్య. గీసిన గీతల్ని తొక్కకుండా చుట్టూ తిరిగి వచ్చింది.

"ఆయన్ని మేస్త్రీ పొద్దున్నే గనిలోంచి పైకి పంపేశాడు అన్నయ్యా," అంది. "పైకప్పుకి ఆన్చిన దుంగ చిట్లుతుంటే ఈయన చూళ్లేదట. జోడీగా పనిచేసే మాడక్ మెడపట్టి వెనక్కి లాగాడు కాబట్టి సరిపోయింది. ఆనక ఇద్దరూ నిలబడ్డచోటే కప్పు కూలింది."

"దెబ్బలేమైనా..."

"దెబ్బల్లేవు. డాక్టరు దగ్గరికి పొమ్మన్నారు, పోయాం. చీకట్లో పనిచేసీ పనిచేసీ కనుగుడ్లు ఊగే జబ్బు, గనివాళ్లకొచ్చే కళ్లాట ఇదని అందరికీ తెలుసు కదా. మా నాన్నకీ వచ్చింది. డాక్టరు కాగితం మీద రాసిస్తే కంపెనీ వాళ్లు ఇంట్లో కూచోబెట్టి సగం జీతమైనా ఇవ్వాలి. చట్టం ఉందంటున్నారు."

"రాసిచ్చాడా?"

మార్గెడ్ శాలువా కొస వేలికి చుట్టుకుంది.

"ఆయన కళ్లలోకి దీపం పెట్టి చూశాడు. చూసి నవ్వాడు. 'శనివారం నేనూ మైదానంలోనే ఉన్నాను బోవెన్. ఒక్క బంతైనా నిన్ను దాటి పోయిందా? నాకే అలాంటి కళ్లుంటే ఎంత బాగుండు' అన్నాడు. రేపటి నుంచి పనిలోకి పొమ్మన్నాడు."

హాప్కిన్ పార నేలలో గుచ్చాడు. మార్గెడ్ అతని కనుబొమ్మ మీది చీలికనీ, దాని కింద పచ్చబడ్డ వాపునీ చూసింది. చాలాసేపు చూసింది.

"మంచే చేశావు," అంది చివరికి. "మంచే చేశావన్నయ్యా. నేను నిన్నేమనగలను?"

ఆ మాట కంటే ఆమె తిట్టి ఉంటే బాగుండేదనిపించింది అతనికి.

మర్నాడు పొద్దున గడ్డం గీసుకుని, చర్చికి వేసుకునే కోటు వేసుకుని గని ఆఫీసుకి వెళ్లాడు. ట్రెహర్న్ అక్కడ ఉపమేనేజరు. ఫుట్‌బాల్ కమిటీకీ ఆయనే అధ్యక్షుడు. గనిలోంచి తీసేయాలన్నా జట్టులోంచి తీసేయాలన్నా ఒకే చెయ్యి. ఆయన కుర్చీ చూపించాడు. హాప్కిన్ కూర్చోలేదు. కూర్చుంటే మోకాలు మళ్లీ లేవనివ్వదు.

"గెథిన్ సంగతి సార్. శనివారం అతను ఎత్తు బంతి ఒక్కటి కూడా ఆపలేదు. అన్నీ నేనే కొట్టాను. అతనికి అవి కనబడవు. వెలుగు తగ్గితే అసలే కనబడవు."

ట్రెహర్న్ పైపులో పొగాకు కూరుతూ విన్నాడు.

"నీలో నాకు నచ్చే గుణం అదే ప్రాసర్. కుర్రాళ్లని వెనకేసుకొస్తావు. ఇంగ్లండులో పెద్ద జట్టుకి ఆడినా, దేశం తరఫున ఎర్ర చొక్కా తొడిగినా, నీకు తలపొగరు రాలేదు."

"వెనకేసుకు రావడం కాదు సార్. నిజం చెబుతున్నాను."

"సరే, నిజమే అనుకుందాం." పైపు బల్ల మీద పెట్టాడు. "అంటే చూపు లేనివాణ్ణి ఇన్నాళ్లూ గోల్లో నిలబెట్టి, కమిటీ చేత వాడికి ఆటకింత అని ఇప్పించావు. అంతేనా? అలాగైతే నువ్వు మమ్మల్ని మోసం చేసినట్టు. కాదంటే ఇప్పుడు అబద్ధం చెబుతున్నట్టు. ఈ రెండింట్లో ఏది రాసుకోమంటావు?"

హాప్కిన్ టోపీ అంచుని చేతుల్లో తిప్పుతూ నిలబడ్డాడు. బంతి కాళ్ల దగ్గరుంటే ముగ్గురు చుట్టుముట్టినా దారి దొరికేది అతనికి. ఈ గదిలో ఎటు చూసినా గోడే.

"అతను గనిలో చస్తాడు సార్. పక్కనున్నవాణ్ణి కూడా చంపుతాడు."

"డాక్టరు పామర్ చదువుకున్నవాడు. ఆయన కళ్లకి ఏం కనబడితే అది రాస్తాడు. నీ మాట విని, నా మాట విని రాయడు. శనివారం కప్పు కోసం జరిగే ఆటకి ఆయన వస్తున్నాడు, మళ్లీ చూస్తాడు." ట్రెహర్న్ కిటికీ వైపు తిరిగాడు. "మోకాలెలా ఉంది?"

"బాగానే ఉంది."

"పాంటిఫెలిన్‌లో ఒక కుర్రాడున్నాడట, నీ చోటులో ఆడేవాడు. కమిటీలో అనుకుంటున్నారు. నేనేమీ అనలేదులే."

గురువారం సాయంత్రం హాప్కిన్ వాళ్లింటికి వెళ్లేసరికి గెథిన్ పొయ్యి ముందు రేకు తొట్టిలో మోకాళ్ల మీద కూచుని ఒళ్లు కడుక్కుంటున్నాడు. మార్గెడ్ కెటిల్‌తో వేడినీళ్లు పోస్తోంది. ముఖం, చేతులు, ఛాతీ తెల్లబడ్డాయి. వీపు మాత్రం నల్లగానే ఉంది. వీపు రుద్దితే నడుము బలం పోతుందని ఈ లోయలో ఎవరూ రుద్దుకోరు.

"రా అన్నా, కూచో. ఆ పిల్లి ఉంటే దాన్ని లేపు," అన్నాడు గెథిన్.

కుర్చీలో పిల్లి లేదు, మడిచిపెట్టిన నల్ల శాలువా ఉంది. హాప్కిన్ దాన్ని తీసి ఒళ్లో పెట్టుకుని కూచున్నాడు. మార్గెడ్ అటు తిరిగి పెనం మీద రొట్టెలు తిప్పింది.

"మాడక్ ఇవాళ్టితో నాతో పని మానుకున్నాడు," అన్నాడు గెథిన్ సబ్బు నురగ కడుక్కుంటూ. "వాణ్ణేమీ అనను. ముగ్గురు పిల్లలున్నారు. నా పక్కన పనిచేయాలంటే చచ్చిపోయిన అత్తగారు గుర్తొస్తోందట, ఎప్పుడు మీద పడుతుందో తెలిసేది కాదట."

ఎవరూ నవ్వలేదు. గెథిన్ ఒక్కడే కొంచెం నవ్వి మానేశాడు.

"అన్నా, శనివారం నువ్వు నా ముందు నిలబడకు."

హాప్కిన్‌కి అర్థమైంది. అర్థం కానట్టు చూశాడు.

"పైకి వెళ్లి ఆడు. ఎత్తు బంతుల్ని రానీ. డాక్టరు చూడాలి. కళ్లారా చూస్తేనే గదా రాస్తాడు."

"ఊరంతా వస్తుందిరా. కప్పు ఆట. జనం నిన్నేమంటారో తెలుసా?"

"తెలుసు. వినబడుతుంది కదా. చెవులు బాగానే ఉన్నాయి నాకు."

"నేను నిన్ను జట్టులోంచి తీసేస్తాను. కళ్లు బాగాలేవని పైకే చెబుతాను."

"చెబితే? 'ప్రాసర్ స్నేహితుడి కోసం నాటకమాడుతున్నాడు' అంటారు. నీ మాట మంగళవారమే తేలిపోయింది." గెథిన్ తొట్టిలోంచి లేచి తువ్వాలు చుట్టుకున్నాడు. నీళ్లు నల్లగా చిక్కబడి ఉన్నాయి. "నేను కావాలని వదల్లేనన్నా. బంతి వస్తుంటే చేతులు వాటంతటవే పోతాయి. నేను పట్టుకోడానికే చూస్తాను. నువ్వు పక్కకి తప్పుకో, చాలు. అందులో అబద్ధమేముంది?"

మార్గెడ్ వేడి రొట్టె పళ్లెంలో పెట్టి హాప్కిన్ చేతికిచ్చింది. అతను దాన్ని తుంచాడు గాని నోట్లో పెట్టుకోలేదు.

శనివారం ఆట మొదలయ్యేసరికి మైదానం చుట్టూ కాలు పెట్టే సందు లేదు. రేవు పట్టణం నుంచి వచ్చిన జట్టు వాళ్లు బలిసి, ఎత్తుగా, నీలం చొక్కాల్లో ఉన్నారు. చెక్క గ్యాలరీలో ట్రెహర్న్, ఆయన పక్కన మోకాళ్ల మీద దుప్పటి కప్పుకుని డాక్టరు పామర్.

వెలుగున్నంతసేపు ఏమీ జరగలేదు. రెండో సగంలో మబ్బు దిగింది. అవతలి జట్టు పక్క నుంచి మొదటి ఎత్తు బంతి లేచినప్పుడు హాప్కిన్ ఒళ్లంతా వెనక్కి లాగింది. పదిహేనేళ్లుగా ఆ చప్పుడు వినగానే పరుగెత్తిన కాళ్లు అవి. నడిమైదానంలో నిలబడి, చేతివేళ్లతో తొడ గట్టిగా పట్టుకున్నాడు.

గెథిన్ తల వెనక్కి వాల్చాడు. రెండు చేతులూ చాపి ముందుకొచ్చాడు. బంతి అతని భుజం పక్క నుంచి దిగి, నేలకి కొట్టుకుని, గోల్లోకి వెళ్లింది. అతను చప్పుడు విన్నాక తిరిగాడు.

"అదేంటన్నా?" ట్యూడర్ పరుగెత్తుకొచ్చాడు. "నీ బంతి కదా అది. ఎక్కడున్నావు?"

"ఆడు," అన్నాడు హాప్కిన్.

రెండోది అలాగే వెళ్లింది. మూడోది ముందు చేతికి తగిలి, చేతి మీంచే జారింది. గోలు వెనక గట్టు మీద నిలబడ్డ గనివాళ్లు మొదట విస్తుపోయారు, తర్వాత నవ్వారు, తర్వాత తిట్టారు.

"ఒరే బోవెన్, నీ బదులు గోనెసంచి నిలబెట్టినా గాలికి ఊగి ఒకటి ఆపేదిరా."

"ఎంతిచ్చార్రా రేవువాళ్లు? మాకూ కాస్త పంచు."

"ప్రాసర్ని అడగండి. తోక ముడిచి అక్కడ నిలబడ్డాడు చూడు, అందులో వాటా లేకుండానా?"

హాప్కిన్ అన్నీ విన్నాడు. గ్యాలరీ వైపు చూశాడు. డాక్టరు ముందుకి వంగి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, గోలు వైపే చూస్తున్నాడు. నవ్వడం లేదు. ట్రెహర్న్ ఏదో చెవిలో చెబితే తల అడ్డంగా ఊపాడు. ఆ క్షణంలో హాప్కిన్‌కి మొదటిసారి ఆశ కలిగింది. ఇంకొక్కటి, అనుకున్నాడు. సొంత గోల్లోకి ఇంకొక్కటి పోవాలని కోరుకోవడం అతని బతుకులో అదే మొదలు. దేవుడి ముందు కూడా ఆ మాట ఒప్పుకోలేడు.

గట్టు మీద షెన్కిన్ తాత ఉన్నాడు. ఊపిరితిత్తులు పాడై గని మానేసిన ముసలాయన. నవ్వేవాళ్ల మధ్య అతనొక్కడే నవ్వకుండా గోలీ తల వాల్పునే గమనిస్తున్నాడు. ముందుకి వచ్చి, తిడుతున్నవాడి మోచెయ్యి పట్టుకున్నాడు.

"నోరు ముయ్యరా. ఆ తల చూడు. అలా ఎప్పుడు పెడతారో నీకు తెలీదా? మీ అయ్య పెట్టలేదూ? వాడికి కనబళ్లేదురా."

ఆ మాట పక్కవాడికి, అతని పక్కవాడికి పాకింది. గట్టు మీద చప్పుడు ఒక చివర నుంచి ఇంకో చివరకి దీపాలార్పినట్టు తగ్గిపోయింది. మైదానంలోంచి హాప్కిన్‌కి ఆ నిశ్శబ్దం మాత్రమే తెలిసింది, కారణం తెలియలేదు.

అంతలో నీలం చొక్కావాడు మరో బంతి లేపాడు. అన్నిటికంటే ఎత్తైనది. మబ్బులోకి వెళ్లి, అక్కడే కాసేపు ఆగి, దిగడం మొదలుపెట్టింది. గెథిన్ తల వాల్చాడు, చేతులు చాపాడు, ఎటు పోవాలో తెలియక ఉన్నచోటే కాళ్లాడించాడు.

"ముందుకి గెథిన్," అన్నాడు షెన్కిన్ తాత. దగ్గుతో బొంగురుపోయిన గొంతు. "ముందుకి నాయనా. ఇంకా."

గెథిన్ కదిలాడు.

"ఎడమకి," అని ఇంకో గొంతు. "కొంచెం. చాలు, చాలు."

"ఆగు," అని చాలామంది ఒక్కసారే. "ఇప్పుడెగురు."

గెథిన్ ఎగిరాడు. అతని కంటే ఎత్తుగా ఎగిరిన నీలం చొక్కాల నడుమ నుంచి రెండు చేతులు పైకి లేచాయి. బంతి వచ్చి వాటిలో కూచుంది. కిందపడి, బంతిని కడుపులోకి పొదువుకుని ముడుచుకున్నాడు.

ఆబర్నాంట్ గట్టు అలా అరవడం హాప్కిన్ ఎన్నడూ వినలేదు. ఓడిపోతున్న జట్టు కోసం మగాళ్లు ఒకరినొకరు పట్టుకుని ఊగిపోతున్నారు. గెథిన్ బంతిని గుండెకి హత్తుకుని లేచాడు. ముఖమంతా నవ్వు. వెనక్కి తిరిగి గట్టుకి దణ్ణం పెట్టినట్టు తల వంచాడు.

హాప్కిన్ గ్యాలరీ వైపు తిరిగాడు. డాక్టరు పామర్ లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నాడు.

ఆట అయ్యాక పబ్బు వెనక గదిలో అందరూ తలలు వంచుకుని బురద కడుక్కుంటున్నారు. గెథిన్ మాత్రం బల్ల మీద కూచుని, అరచేతుల్ని తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు.

"పట్టుకున్నానన్నా. చూశావా? గూటికొచ్చిన పావురంలా వచ్చింది. ఎన్నాళ్లయింది అలా పట్టుకుని."

"చూశాను," అన్నాడు హాప్కిన్.

"వాళ్లు చెబుతుంటే ఏం చేయాలో తెలుసు నాకు. వదిలేయాలని. నిజంగా తెలుసు." గెథిన్ చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. "కాళ్లు వినలేదు."

ట్రెహర్న్ తలుపు దగ్గరే నిలబడి హాప్కిన్‌ని బయటికి పిలిచాడు. గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

"మొదట డాక్టరు నమ్మబోయాడయ్యా. నాతో అన్నాడు కూడా, ప్రాసర్ చెప్పింది నిజమేనేమో అని. ఆఖరి బంతి పట్టాక ఏమన్నాడో తెలుసా? తేలికవి వదిలి, అన్నిట్లోకీ కష్టమైంది పట్టినవాడికి చూపు తక్కువ కాదు, నిజాయితీ తక్కువ అన్నాడు."

"గట్టు మీదవాళ్లు చెప్పారు సార్. ఎటు పోవాలో వాళ్లు చెబితే ఎగిరాడు. కావాలంటే అడగండి."

"ఏమని అడగను? జనం ఎప్పుడూ అరుస్తూనే ఉంటారు." ట్రెహర్న్ టోపీ సరిచేసుకున్నాడు. "సోమవారం నుంచి నువ్వు మైదానానికి రానక్కర్లేదు. పాంటిఫెలిన్ కుర్రాడు వస్తాడు. ఆట అమ్ముకున్నావని కమిటీలో అంటున్నారు. నేను అనలేదులే."

హాప్కిన్ గదిలోకి తిరిగి వెళ్లి బూట్లు విప్పుకున్నాడు. అలవాటు కొద్దీ వాటి బురద గీకి, కొవ్వు రాసి, మేకుకి తగిలించాడు. బయటికొచ్చాక ఇంటికి పోలేదు. తిన్నగా గని మేస్త్రీ ఇంటి తలుపు తట్టాడు.

ఆ రాత్రి భోజనం దగ్గర, సోమవారం నుంచి గెథిన్‌కి జోడీగా గనిలోకి దిగుతున్నానని చెబితే అతని భార్య హన్నా గరిటె గిన్నెలోనే వదిలేసింది.

"ఆ మోకాలితోనా? ఆ గనిలోంచి నిన్ను బయటపడేయమని మీ అమ్మ ఎన్ని మొక్కులు మొక్కింది?"

"వాడికి జోడీ లేడు హన్నా. జోడీ లేకపోతే పని లేదు. పనుంటే ప్రాణం లేదు."

"నువ్వుంటే ఉంటుందా?"

హన్నా లేచి, అతను ఒకప్పుడు గనికి పట్టుకెళ్లిన పాత టీ డబ్బా అటకమీంచి దింపింది. తుప్పు పట్టిందేమోనని గోటితో గీకి చూసి, ఇసుకతో తోమడానికి కూచుంది.

సోమవారం తెల్లవారకముందే, కిందికి దింపే గని బోనులో మనుషులు ఒకరికొకరు ఆనుకుని నిలబడ్డారు. గెథిన్ పక్కన హాప్కిన్. వెనక నుంచి మాడక్ ఒక చెయ్యి హాప్కిన్ భుజం మీద వేసి తీసేశాడు. గంట మోగింది. కాళ్ల కింద నేల జారి, బోను చీకట్లోకి పడటం మొదలైంది. పదిహేనేళ్ల తర్వాత మళ్లీ గనిలోకి దిగుతున్న హాప్కిన్ పక్కనున్న కడ్డీ పట్టుకున్నాడు. కుడి మోకాలు వణికితే, ఎవరికీ తెలియకుండా ఎడమకాలి మీదికి ఒరిగాడు.

గెథిన్ తన దీపాన్ని ముఖం దగ్గరికెత్తి, తల వెనక్కి వాల్చి చూస్తున్నాడు.

"అన్నా," అన్నాడు మెల్లిగా. "మంట ఆడుతోందా, నా కళ్లేనా?"

హాప్కిన్ చూశాడు. గాజు లోపల మంట నిటారుగా, కదలకుండా ఉంది.

"ఆడుతోంది," అన్నాడు. "బోను ఊపుకి."